ఇంగువ బెల్లం పాటలు

పాటల కొట్టు: పర్లాకిమిడి బజారులో ఇరవై ఏడేళ్లు క్యాసెట్ల కొట్టు నడిపిన బాబాయి జవాబులు

ప్రశ్న: బాబాయి గారూ, మాది రాయగడ. మా మామగారు జేకేపూర్ పేపరు మిల్లులో చేసి రిటైరయ్యారు. డెబ్బై నాలుగేళ్లు. అత్తయ్య గారు పోయి పద్నాలుగు నెలలైంది. ఈమధ్య రోజూ దీపం పెట్టే వేళకి వీధరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఎవరో ముసలి ఇంగ్లీషాయన ప్రేమ పాటలు పెట్టుకుంటున్నారు. ఎంగెల్‌బర్ట్ అనో ఏదో పేరు. ఒకటే ఆల్బమ్. అయిపోతే మళ్లీ మొదటి నుంచి. అందులో ఒకటి మా పాప కాలేజీలో పాడే బ్రూనో మార్స్ పాటేనట. మామగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం. పక్కింటి వాళ్లు నవ్వుకుంటున్నారు. మావారేమో "ఈ వయసులో ఇవేంటి, భజనలు పెట్టుకోమను" అని నాకు చెప్తారు గానీ తాను వెళ్లి అడగరు. నేనేం చేయాలి? ఇంతకీ ఎవరాయన?
ఒక కోడలు, రాయగడ

జవాబు: అమ్మా, ఆయన పూర్తి పేరు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్. మా కొట్లో ఆ పేరుకి ఎవరికీ నోరు తిరిగేది కాదు. మా ఆవిడ ఒకసారి అరలు సర్దుతూ "ఈ ఇంగువ బెల్లం క్యాసెట్టు ఎక్కడ పెట్టమన్నావు?" అంది. ఆ రోజు నుంచి మా వీధిలో ఆయన ఇంగువ బెల్లమే. కాలేజీ కుర్రాళ్లు కూడా వచ్చి "బాబాయ్, ఇంగువ బెల్లం ఒక సైడు ఎక్కించవా" అనేవారు.

ఆ మాటకొస్తే అది ఆయనకీ సొంత పేరు కాదు. కన్నవాళ్లు పెట్టింది ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ. జెర్రీ డోర్సీ అని చెప్పుకుని ఏళ్ల తరబడి క్లబ్బుల్లో పాడాడు, ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో 1961లో క్షయ పట్టుకుని నెలల తరబడి మంచాన పడ్డాడు. 1965లో మేనేజరు, ఎప్పుడో పోయిన ఒక జర్మన్ ఒపేరా స్వరకర్త పేరు ఉన్నదున్నట్టు తెచ్చి ఈయనకి తగిలించాడు. నోరు తిరగని పేరు ఒకసారి విన్నవాడు మర్చిపోడని కాబోలు. రెండేళ్లు తిరిగేసరికి, 1967లో, బీటిల్స్ రికార్డుని ఇంగ్లండులో మొదటి స్థానానికి రానీయకుండా అడ్డం కూర్చున్న పాట ఈయనదే. ఆరు వారాలు కదల్లేదు.

పాప గుర్తుపట్టిన పాటని బట్టి చూస్తే మీ మామగారు వింటున్నది 2017లో వచ్చిన 'ద మేన్ ఐ వాంట్ టు బీ' అనే ఆల్బమ్. అప్పటికి పాడినాయనకి ఎనభై ఒకటి. ఆ వయసులో కుర్రాళ్ల పాటలు రెండు ఎత్తుకున్నాడు. ఒకటి బ్రూనో మార్స్‌ది, ఇంకోటి ఎడ్ షీరన్‌ది. ఇంకో పాట తన మనవరాలితో కలిసి పాడాడు. ఇవన్నీ అట్ట మీద చదివితే పెద్దాయన కుర్రవేషాలు వేస్తున్నాడనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను, ఎందుకు దాచాలి.

తర్వాత తెలిసిన సంగతి ఇది. ఆయన భార్య పాట్రీషియా. 1964లో పెళ్లయింది, అంటే పేరు మారకముందు, డబ్బు రాకముందు. ఆ ఆల్బమ్ చేసేనాటికి ఆవిడకి అల్జీమర్స్ వచ్చి చాలా ఏళ్లయింది. మనుషుల్ని, మాటల్ని ఒక్కొక్కటిగా మర్చిపోతున్న మనిషి ఇంట్లో ఉండగా పాడిన ప్రేమ పాటలవి. ఆవిడ 2021 ఫిబ్రవరిలో కోవిడ్‌తో పోయింది.

ఇప్పుడు ఆ బ్రూనో మార్స్ పాట తీసుకోండి. నువ్వెలా ఉన్నావో అలాగే బాగున్నావు, ఏమీ మార్చుకోకు, ఇంతే దాని సారాంశం. 2010లో అది వచ్చినప్పుడు పాడిన కుర్రాడికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ వయసులో ఆ మాట అంటే అమ్మాయిని ఒప్పించడానికి. అదే మాట ఎనభై ఒకటేళ్ల మనిషి, రోజు రోజుకీ మారిపోతున్న ఆవిడని ఇంట్లో పెట్టుకుని అంటే? అక్షరం మారలేదు, అర్థం అడ్డం తిరిగిపోయింది. కుర్రవాడి పాటలో 'ఒప్పుకో' అని ఉంది. పెద్దాయన పాటలో 'ఉండు' అని ఉంది. పాపని ఒక సాయంత్రం కూర్చుని రెండూ వరసగా వినమనండి, నేను చెప్పేదాని కన్నా బాగా చెప్తుంది.

మీవారి 'ఈ వయసులో ఇవేంటి' సంగతి. మన వైపు పద్యనాటకాలు ఆయన చూడలేదా? మా చిన్నప్పుడు పాతపట్నంలో జాతరకి నాటకం ఆడారు. కృష్ణుడికి అరవై ఎనిమిదేళ్లు. మీసం గొరిగి, బుగ్గలకి గులాబీ రంగు పూసుకుని, సత్యభామ కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలుతూ పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తుండగా పై పళ్ల సెట్టు జారింది. నాలికతో టక్కున పైకి నెట్టి, రాగం తెగకుండా లాగేశాడు. జనం ఒకటే వన్స్ మోర్! ఒక్కడంటే ఒక్కడు ఈ వయసులో సరసమేంటని అనలేదు. నాటకంలో ముసలి కృష్ణుడికి ఒప్పుకున్నవాళ్లం, వీధరుగు మీద మనింటి మనిషికి ఒప్పుకోమా? పైగా మామగారు పాడటం లేదు, వింటున్నారంతే.

ఇంగ్లీషు రాదంటారా, పేపరు మిల్లులో మెషీన్ల హోరు మధ్య ఎదుటివాడి పెదాలు చూసి మాట పోల్చుకుంటూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి మాటలన్నీ తెలియాలా?

మీరు చేయాల్సింది ఒకటుంది. ఏమీ అడగకండి, ఒక చిన్న స్పీకరు కొనిపెట్టండి. ఫోన్‌లో సన్న గొంతులే తెలుస్తాయి, కింది స్వరాలు రావు. ఎంగెల్‌బర్ట్ గొంతులో సగం సరుకు ఆ కిందే ఉంది. మీ మామగారు ఇన్నాళ్లూ సగం పాటే వింటున్నారన్నమాట. ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. అవి చెవిలో పెట్టుకున్న మనిషిని భోజనానికి రమ్మని పిలవడానికి కూడా వెళ్లి భుజం తట్టాలి. పాట వీధిలోకి వినపడనివ్వండి. నవ్వుతున్న పక్కింటివాళ్లు నెల తిరిగేసరికి కూనిరాగం తీస్తారు, నా కొట్టు ఎదుట మిఠాయి దుకాణం వాడు తీయలేదూ!

ప్రశ్న: బాబాయ్, ఈ ఎంగెల్‌బర్ట్ మద్రాసులో పుట్టాడని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే మనవాడే కదా!
ఒక డిగ్రీ విద్యార్థి, పాతపట్నం

జవాబు: నిజమే. 1936 మే 2న మద్రాసులో పుట్టాడు. తండ్రిది బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగం. పదిమంది పిల్లల్లో ఈయనొకడు. పదేళ్ల వయసులో అందరూ మూటాముల్లె సర్దుకుని ఇంగ్లండులో లెస్టర్ అనే ఊరికి వెళ్లిపోయారు. ఇంకో చిత్రం చెప్పనా? ఆయనకి ఆ పేరు తగిలించిన మేనేజరు గోర్డన్ మిల్స్ పుట్టింది కూడా మద్రాసులోనే. టామ్ జోన్స్‌ని పైకి తెచ్చింది కూడా ఈ మిల్సే. మద్రాసులో పుట్టిన ఇద్దరు లండన్‌లో కలిసి ఒక జర్మన్ పేరుతో వ్యాపారం పెట్టారు.

ఆ ఏడాది మా ఊరివాళ్లకి ఇంకో రకంగా గుర్తు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, మా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తెగి ఇటు వచ్చింది, మీ పాతపట్నం అటు ఉండిపోయింది. "రాత్రి మద్రాసులో పడుకున్నాం, పొద్దున్నే ఒరిస్సాలో లేచాం, మంచం మాత్రం జరగలేదు" అనేవాడు మా నాన్న. మేము మద్రాసు నుంచి పోయిన నెలకి ఎంగెల్‌బర్ట్ మద్రాసులో పుట్టాడు. నెల రోజుల తేడాలో తప్పిపోయిన చుట్టం.

ఇక మనవాడేనా అంటావు. అలా లెక్కేస్తే ఇంకో ఇంగ్లీషు గాయకుడు క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు, ఆయన్ని యూపీ వాళ్లు తీసుకుపోతారు. మా ఇంట్లో రేషన్ కార్డు ఒడియాలో, శుభలేఖ తెలుగులో ఉంటాయి. కొట్టు బోర్డు మీద మూడు లిపులు రాయించాను. మనవాడెవడో తేల్చే పని మా ఊరివాళ్లకి పెట్టకు నాయనా.

ప్రశ్న: గురువుగారూ, పాశ్చాత్య పాప్ సింగర్లు వయసు మీద పడగానే పాత ప్రేమ పాటల ఆల్బమ్ ఒకటి వదులుతారు. కొత్త పాటలు దొరక్కా? కంపెనీవాళ్ల వ్యాపారమా?
ఒక బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: వ్యాపారమే, అందులో సందేహం లేదు. యవ్వనంలో ఆ గొంతు వెంట పడ్డవాళ్లకి ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు. చేతిలో డబ్బుంది, కొత్త పాటలు చెవికెక్కవు. నా కొట్లోనూ వెలిసిపోయిన చొక్కా వేసుకొచ్చి బేరమాడకుండా కొనే గిరాకీ ఘంటసాల వాళ్లే. కుర్రాళ్లు గంట సేపు విని, ఒక పాట వేయించుకుని, దానికీ అప్పు పెట్టేవారు.

కానీ వ్యాపారమని తేల్చేస్తే రాడ్ స్టీవర్ట్ సంగతి అర్థం కాదు. బొంగురు గొంతుతో రాక్ పాటలు కేకలేసి బతికిన మనిషి. 2000లో థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. గొంతు కండరాల మీద కత్తి పెట్టారు, నెలల తరబడి పాట లేదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. 2002లో తాతల కాలపు అమెరికన్ ప్రేమ పాటలతో ఆల్బమ్ తెచ్చాడు. పాత కేకలు ఇక కుదరవు, కాబట్టి చెవి దగ్గర చెప్పినట్టు పాడాడు. అది వ్యాపారం కన్నా ముందు, కుదిరిన పని చేయడం. కంపెనీ ఊరుకుంటుందా, 2010 దాకా అయిదు భాగాలు తీసింది. మూడోదానికి, 2004లో వచ్చినదానికి, గ్రామీ అనే సంగీత అవార్డు కూడా వచ్చింది. నా మట్టుకు మొదటిది బాగుంటుంది. పులుసు రెండో రోజుకి రుచి, అయిదో రోజుకి పారబోయడమే.

వయసు అయ్యేదాకా అందరూ ఆగలేదు. విల్లీ నెల్సన్ 1978లోనే చేశాడు, అప్పటికి నలభై నాలుగు. జీన్సు ప్యాంటు, జడల పల్లెపాటల (కంట్రీ) గాయకుడు పాత ప్రేమ పాటలు పాడటమేంటని అనుకున్నవాళ్లు తర్వాత నోరు మూసుకున్నారు. లిండా రాన్‌స్టాట్ 1983లో చేసింది, ఆవిడకి ముప్పై ఏడే. బీటిల్స్‌లో పాడిన పాల్ మెకార్ట్‌నీ 2012లో, తన చిన్నప్పుడు ఇంట్లో విన్న రకం పాటలు ఏరుకున్నాడు.

ఎక్కువ ఆల్బమ్‌లు బాగోవు, ఆ మాట కూడా చెప్పాలి. వెనకాల ముప్పై వయొలిన్లు పెట్టి, గొంతు మీద దుప్పటి కప్పినట్టు చేసి, అట్ట మీద గులాబీ పువ్వు వేసి ప్రేమికుల రోజుకి ముందు బజారులో పడేస్తారు. అలాంటివి నేను బోలెడు అమ్మాను. కొన్నవాళ్లు రెండోసారి పేరు తలుచుకోలేదు.

ఒక్కటి మాత్రం వేరు. పాత తరం అమెరికన్ గాయకుడు టోనీ బెనెట్, ఈ తరం గాయని లేడీ గాగాతో కలిసి 2014లో చేసిన ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది, అప్పటికి ఆయనకి ఎనభై ఎనిమిది. నేను చెప్పేది దాని గురించి కాదు, 2021లో వచ్చిన రెండోదాని గురించి. బెనెట్‌కి 2016లోనే అల్జీమర్స్ అని తేలింది, ఇంట్లోవాళ్లు 2021 దాకా బయట పెట్టలేదు. కోల్ పోర్టర్ అనే పాతకాలపు స్వరకర్త ప్రేమ పాటలన్నీ ఆ జబ్బు ముదురుతుండగానే పాడాడు. ఆల్బమ్ వచ్చేసరికి తొంభై అయిదు. తారీఖులు, మనుషులు జారిపోతున్నా వాయిద్యం మొదలవగానే పాట పూర్తిగా వచ్చేసేది. మా వీధిలో ఒక మామ్మ ఉండేది, కొడుకుని "ఎవరు బాబూ నువ్వు?" అనేది, మంగళహారతి మాత్రం నాలుగు చరణాలూ వరస తప్పకుండా పాడేది. అంచేత నాకు ఆశ్చర్యం వేయలేదు. బరంపురంలో మీ ఇంటి పక్కనా అలాంటి మామ్మ ఒకావిడ ఉండే ఉంటుంది.

ప్రశ్న: నేను జయపురంలో సంగీతం నేర్చుకుంటున్నాను. వయసైతే గొంతులో ఏమవుతుంది? స్టూడియోలో దాన్ని ఎలా దాస్తారు? వింటే కనిపెట్టొచ్చా?
ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: స్వరతంత్రులు పలచబడతాయి, బిగుసుకుంటాయి, పాడేటప్పుడు పూర్తిగా కలవవు. ఆ సందులోంచి గాలి కారుతుంది, అందుకే ముసలి గొంతులో ఆ బుసబుస. మగవాళ్ల మాట కాస్త సన్నబడుతుంది, ఆడవాళ్లది కాస్త లావెక్కుతుంది. పక్కటెముకలు సాగవు, ఊపిరితిత్తులు నిండవు. పాతికేళ్లప్పుడు ఒక్క ఊపిరిలో లాగిన వరస ఇప్పుడు రెండు ముక్కలు. గమకం చివర స్వరం నెమ్మదిగా, వెడల్పుగా ఊగుతుంది, పాత ఫ్యాను రెక్కలాగ.

దాచే పద్ధతులు చాలా ఉన్నాయి. మొదటిది శ్రుతి దించడం. మన నాటకాల్లో హార్మోనియం మాస్టారు చేసేదీ అదే, ముసలి రాజుకి కిందనుంచి ఎత్తి ఇచ్చేవాడు. రెండోది, ఒకే పాట పదిసార్లు పాడించి ఏ ముక్క బాగా వస్తే ఆ ముక్క అతకడం. మూడోది మైకు. పెదాలకి ఆనించి పాడితే గాలే పని చేసిపెడుతుంది, గొంతు పెంచక్కర్లేదు. శ్రుతి తప్పితే కంప్యూటర్ సర్దుతుంది, అదో పెద్ద కథ.

కనిపెట్టాలంటే స్వరం వినకు, ఊపిరి విను. వాక్యం మధ్యలో ఎక్కడ ఆగుతున్నాడో చూడు. కుర్ర గాయకుడు తాళానికి తగ్గట్టు ఆగుతాడు, పెద్దాయన ఊపిరి అందనిచోట ఆగుతాడు. తెలివైన పెద్దాయన అయితే ఆ రెండూ కలిసేలా మాటని ఒకచోట విరుస్తాడు. అప్పుడది మాట తడబడ్డట్టుంటుంది, ప్రేమ పాటలో తడబాటుకి ఉన్న విలువ నీకు నేను చెప్పాలా? ఎంగెల్‌బర్ట్ 2017 ఆల్బమ్‌లో ఇలాంటివి అయిదారు చోట్ల దొరుకుతాయి. అదే ఆయన 2012లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, బాకూలో యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీకి బ్రిటన్ తరఫున ప్రేమ పాట పాడాడు. ఇరవై ఆరుమందిలో ఇరవై అయిదో స్థానం. ఆ పాటలో ఆగాల్సినచోట ఆగకుండా చివర్న పై స్వరానికి ఎగబాకాడు. నాకైతే ఆ స్వరం దగ్గర కాళ్లు వణికాయి.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ వేరే దారి పట్టాడు. 2015లో పాత ప్రేమ పాటలు పది పాడినప్పుడు ఏదీ దాచలేదు. హాలీవుడ్‌లో కాపిటల్ స్టూడియోలో వాయిద్యగాళ్లని చుట్టూ కూర్చోబెట్టుకుని, హెడ్‌ఫోన్లు లేకుండా, అందరూ ఒకేసారి వాయిస్తుండగా పాడాడు. గరగర, బుసబుస అన్నీ ఉన్నాయి. నచ్చితే ప్రాణం, నచ్చకపోతే రెండో పాటకే కట్టేస్తావు. మీ గురువుగారికి వినిపించి ఏమన్నారో రాయి.

ప్రశ్న: నమస్తే. మా నాన్నగారివి రెండు వందల క్యాసెట్లు ఉన్నాయి. తెల్లటి బూజు పట్టింది. ఎలా కాపాడుకోవాలి? మీ దగ్గర ఎంగెల్‌బర్ట్ ప్రేమ పాటల క్యాసెట్టు ఇంకా ఉందా?
ఒక టీచరు, గుణుపురం

జవాబు: బూజు పట్టినది మంచి ప్లేయర్‌లో పెట్టకండి, బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని ముందు పైపెట్టె తుడవండి. ఎండలో మాత్రం పెట్టకండి, పెట్టె వంకరపోతుంది. పెన్సిల్‌తో చేత్తో నెమ్మదిగా ఒకసారి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి తిప్పండి. పాత ప్లేయర్ ఒకటి దీనికే కేటాయించి, ఒక్కసారి వేసి అదే సమయంలో కంప్యూటర్‌లోకి ఎక్కించేయండి. మన వానాకాలానికి ఆ టేపు రెండోసారి తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. మిగిలినవి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి మూత బిగించండి. అన్నీ కాపాడలేరు. నాన్నగారి చేతిరాత ఉన్నవి ముందు తీయండి.

నా దగ్గరున్న క్యాసెట్టు మీ గుణుపురం చిన్న రైలు గార్డు గారిది. నౌపడా నుంచి మా ఊరి మీదుగా మీ ఊరికి వెళ్లే ఆ బండి గుర్తుంది కదా, ఎక్కిన పిల్లలు దిగి, జీడిమామిడి పళ్లు కోసుకుని, మళ్లీ ఎక్కేవారని మనవాళ్లు కోతలు కోసే బండి. గార్డు గారు వాల్తేరు రైల్వే కాలనీలో పెరిగిన ఆంగ్లో ఇండియన్. తెలుగు మనకన్నా వేగంగా మాట్లాడేవారు. 1989లో అనుకుంటా, ఆ క్యాసెట్టు తెచ్చి, అరిగిపోతోంది, కాపీ తీసిపెట్టమన్నారు.

నేను కాపీ తీయలేదు. ఆ వారం ఒక పెళ్లికి మైకుసెట్టు పెట్టినతను ఇంగ్లీషు పాటలేమైనా ఉంటే ఇమ్మని అడిగితే, ఒక్క రాత్రికే కదా అని అదే ఇచ్చేశాను. వాళ్ల ప్లేయర్ నమిలేసింది. మర్నాడు క్యాసెట్టు, దాని నోట్లోంచి వేలాడే టేపు, విడిగా పాలిథిన్ సంచిలో వేసి తెచ్చి ఇచ్చాడు. అప్పటికే గార్డు గారి బండి నౌపడా నుంచి బయల్దేరి ఉంటుంది. నాకు ఒకటే టెన్షన్.

మా ఆవిడ ఏమీ అనలేదు. పీట వాల్చుకుని కూర్చుంది. నలిగిన టేపుని వేళ్ల మధ్య మెల్లగా లాగి చూసింది, జానెడు మేర పనికిరాదంది. బ్లేడుతో రెండుచోట్ల ఏటవాలుగా కోసింది, పెళ్లి బహుమతుల కాగితాలు అతికించే సెల్లోటేపు ముక్క వేసి గోటితో నొక్కింది, అంచులు కత్తిరించింది, పెన్సిల్‌తో చుట్టేసింది. క్యాసెట్టులో టేపు సెకనుకి అయిదు సెంటీమీటర్ల లోపే నడుస్తుంది. జానెడంటే నాలుగున్నర సెకన్లు. ఆ పాటలో ఎంగెల్‌బర్ట్ పైకి ఎక్కబోతూ ఊపిరి తీసుకుంటాడు, టక్కున కింద తేలతాడు. పై స్వరం పోయింది.

గార్డు గారు మా కొట్లోనే నిలబడి విన్నారు. ఆ చోటు రాగానే నేను బల్ల కింద చీపురు వెతకడం మొదలుపెట్టాను. పాట అయ్యాక ఆయన "ఎప్పుడూ ఆ స్వరం దగ్గరే నా గొంతు కీచుమనేది. ఇప్పుడు హాయిగా మొత్తం పాడుకోవచ్చు" అన్నారు. ఆ మాట నా మీద దయతో అన్నారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు. 2004లో చిన్న రైలు ఆగిపోయిన కొన్నేళ్లకి కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, ఫోన్లలో అన్నీ దొరుకుతున్నాయట కదా, ఇది మీ దగ్గరే ఉంచమని ఇచ్చేసి వెళ్లారు.

సెల్లోటేపు వేయడం తప్పు, మీరెప్పుడూ ఆ పని చేయకండి. దాని జిగురు కాలం గడిచేకొద్దీ పక్కలకి కారి, పక్క చుట్టుకీ హెడ్డుకీ అంటుకుంటుంది. దీనికి వేరే స్ప్లైసింగ్ టేపు ఉంటుంది, అదే వాడాలి. పాత అతుకు మెల్లగా ఊడదీసి, జిగురు తుడిచి, కొత్తది వేయాలి. అందుకే ఆ క్యాసెట్టు ఇప్పుడు వేయడం లేదు. అదే పాట ఫోన్‌లో వింటాను. ఆ చోటికి వచ్చేసరికి ఆయన నాలుగున్నర సెకన్లు ఎక్కువ పాడతాడు, నాకు అలవాటు కావడం లేదు. మా ఆవిడ చనిపోయిన ఏడాదే విశాఖపట్నం మనిషితో స్ప్లైసింగ్ టేపు తెప్పించాను. డ్రాయర్‌లో ఉంది, సీలు తీయలేదు. మీకు కావాలంటే సగం పంపిస్తాను.